అవ్వ చీర అంచు: ఫిల్ము కెమెరా నుంచి డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్‌కి

హాస్టల్లో నా టేబుల్ మీద రెండు కెమెరాలు ఉంటాయి. చూసిన ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటే: "రెండిట్లో ఏది బెటర్?" మొదట్లో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పట్లేదు. ఒకదాని మీద నేర్చుకున్న అలవాటు రెండోదాని మీద ఎలా తప్పు అయిందో మాత్రం చెప్పగలను. ఆ తప్పు ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద ఫ్రేము కట్టించి ఉంది. ఈ వ్యాసం దాని గురించే. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం, కాబట్టి టెక్నికల్ మాటలు చాలావరకు అలాగే వాడేస్తున్నాను, క్లబ్ పెద్దలు క్షమించాలి.

మొదటి కెమెరా మా మామది. తుమ్మలపల్లెలో మా అవ్వావాళ్ళ ఇంట్లో, బీరువాలో పట్టుబట్టల కింద ఉండేది. నికాన్ ఎఫ్‌ఎమ్10. పేరు నికాన్‌దే అయినా తయారుచేసింది కొసినా అనే ఇంకో జపాన్ కంపెనీ. 1995లో వచ్చింది. దీంట్లో ఆటో ఫోకస్ లేదు, మోటార్ లేదు. ఒక్కో ఫోటోకి మనమే లీవర్ తిప్పి రీలు ముందుకు జరపాలి. రెండు చిన్న బటన్ సెల్స్ ఉంటాయి గానీ అవి లైట్ మీటర్ కోసమే. సెల్స్ అయిపోయినా షట్టర్ పడుతుంది.

మా మామ ఆ సెల్స్ ఎప్పుడూ వేసేవాడు కాదు. "ఎండ ఇట్ల కాస్తాంటే మీటరేంటికి పాపా?" అనేవాడు. ఆయన వాడిన లెక్కకి ఇంగ్లీషులో 'సన్నీ సిక్స్‌టీన్' అని పేరుందని నాకు తర్వాత తెలిసింది. నేరుగా ఎండ పడుతుంటే అపెర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడ్‌ని ఫిల్ము ఐఎస్‌ఓకి దగ్గరగా పెట్టాలి. ఐఎస్‌ఓ 100 ఫిల్ము అయితే సెకనులో 125వ వంతు. అపెర్చర్ ఒక మెట్టు తెరిస్తే వెలుతురు రెట్టింపు అవుతుంది కాబట్టి స్పీడ్ కూడా రెట్టింపు చేయాలి. అంటే ఎఫ్/16 దగ్గర 125, ఎఫ్/11 దగ్గర 250, ఎఫ్/8 దగ్గర 500. మూడూ ఒకటే ఎక్స్‌పోజర్. ఈ మెట్టునే 'స్టాప్' అంటారు. మన కడప ఎండలకి ఈ సూత్రం దాదాపు ఎప్పుడూ తప్పదు. మబ్బు పట్టేది ఎన్ని రోజులు గనక!

దాని మీద మామ సొంతంగా ఇంకో రూల్ పెట్టుకున్నాడు. లెక్క ఎంత వచ్చినా ఒక స్టాప్ ఎక్కువే ఇవ్వాలి. "ఫిల్ముకి ఒక గుక్క ఎక్కువ పోసినా తాగుతాది. తక్కువ పోస్తే మాత్రం ఎండిపోతాది." ఇంటర్ రెండేళ్ళూ నేను ఆ కెమెరాతో ఆ రూల్‌తోనే ఫోటోలు తీశాను. రీలుకి 36 ఫోటోలు. ఒక్కోదానికి అపెర్చర్, స్పీడ్, ఏం తీశానో చిన్న నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. పులివెందుల స్టూడియోల్లో రంగుల ఫిల్ము కడగడం ఎప్పుడో మానేశారు. అందుకే రీలు బెంగళూరుకి కొరియర్ చేసి, స్కాన్లు వచ్చేదాకా మూడు వారాలు ఎదురుచూడాలి. అప్పటికి ఏం తీశానో నాకే గుర్తుండేది కాదు, నోట్‌బుక్ చూసుకోవాల్సి వచ్చేది.

మామ చెప్పిన 'తాగడం' వెనక కెమిస్ట్రీ ఉంది. ఫిల్ము మీద వెండి లవణాల సన్నని రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువులో కంటికి కనపడని చిన్న మార్పు జరుగుతుంది. డెవలపర్‌లో పడ్డాక ఆ రేణువు మొత్తం వెండిగా మారుతుంది. రంగుల ఫిల్ములో అక్కడే రంగు కూడా పుట్టి, తర్వాత వెండిని తీసేస్తారు. నెగటివ్‌లో వెలుతురు ఎక్కువ పడ్డ చోట దట్టంగా అవుతుంది. రేణువులన్నీ ఒకే సైజులో ఉండవు. పెద్దవి తొందరగా స్పందిస్తాయి, చిన్నవి ఆలస్యంగా. వెలుతురు పెరిగేకొద్దీ స్పందించడానికి ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. అందుకే గ్రాఫ్ పైభాగంలో గోడలా ఆగదు, కొండ భుజంలా మెల్లగా వంగుతుంది. ఒక స్టాప్ ఎక్కువైనా తెల్లబట్ట మీద మడతలు నిలుస్తాయి. తక్కువైతే మాత్రం నీడలో ఉన్న రేణువులకి అసలు ఏమీ తగలదు. తగలనిదాన్ని ఏ డెవలపరూ పుట్టించలేదు.

ఇక్కడ ఒక పక్కదారి పట్టాలి, ఎందుకంటే ఊరు తుమ్మలపల్లె. వేముల మండలంలోని ఈ ఊరి పేరు బయటివాళ్ళకి తెలిసింది యురేనియం వల్లే. ఇక్కడ 49 వేల టన్నుల నిల్వలు ఖాయమయ్యాయని, ఇంకా ఎక్కువే ఉండొచ్చని 2011లో అణు ఇంధన శాఖ అప్పటి కార్యదర్శి శ్రీకుమార్ బెనర్జీ ప్రకటించారు. ఇంటర్ సెకండియర్‌లో నా రీలు ఒకటి పాడై వచ్చింది. ఆరేడు ఫోటోల్లో ఎర్రటి పొగలాంటి మరక. నేను వెంటనే తీర్పు చెప్పేశాను: గని ఉంది, రేడియేషన్ ఉంది, ఫిల్ము మాడింది. అనుమానం వట్టి గాలిది కూడా కాదు. రేడియోధార్మికత అనేది ఉందని మనిషికి తెలిసిందే యురేనియం, ఫోటో ప్లేటు ఒకచోట కలవడం వల్ల. 1896లో పారిస్‌లో హెన్రీ బెకెరెల్ యురేనియం లవణాన్ని నల్లకాగితం చుట్టిన ప్లేటు మీద పెట్టి, ఎండలో ప్రయోగం చేద్దామనుకున్నాడు. మబ్బు పట్టింది. డ్రాయర్లో పడేశాడు. మార్చి 1న ఊరికే డెవలప్ చేసి చూస్తే ఎండ లేకుండానే ప్లేటు మీద స్పష్టంగా మచ్చ కనిపించింది. 1945లో ఇంకో సంగతి. కొడాక్ వాళ్ళ ఎక్స్‌రే ఫిల్ముల మీద చుక్కలు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. జూలియన్ వెబ్ అనే శాస్త్రవేత్త తవ్వుకుంటూ పోతే, తప్పు ఫిల్ముది కాదు, ప్యాకింగ్ అట్టది అని తేలింది. ఇండియానాలో అట్ట తయారైన మిల్లు నది నీళ్ళు వాడింది. ఆ నీళ్ళలోకి ఆ జూలైలో జరిగిన మొదటి అణుబాంబు పరీక్ష దుమ్ము చేరింది.

ఇవన్నీ చదివి నా థియరీ మీద నాకు బాగా నమ్మకం కుదిరింది. మామ నెగటివ్‌లు కిటికీకి అడ్డంగా పెట్టి చూసి, "రేడియేషన్ అయితే డబ్బా లోపలున్న ఫిల్ము అంతా ఒకటే తీరుగా మాసిపోవాల గదా? ఇది ఒక పక్క నుంచే వచ్చిందేమి?" అన్నాడు. నిజమే. మరక ప్రతిసారీ ఫ్రేముకి ఒకే వైపు మొదలై, పళ్ళ రంధ్రాల దాకా పాకింది. మధ్యలో ఉన్న ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. నోట్‌బుక్ తీసి చూస్తే మరక పడ్డవన్నీ చీనీ తోట దగ్గర, కెమెరా మెడలో వేసుకుని ఎండలో తిరిగిన రోజువి. కెమెరా వెనక తలుపు తెరిచి వేలితో తాకితే నల్లటి జిగురు అంటుకుంది. వెలుతురు లోపలికి రాకుండా తలుపు అంచున అతికించే ఫోమ్ ముసలిదై కరిగిపోయింది. గనికీ నా రీలుకీ సంబంధం లేదు. కొత్త ఫోమ్ తెప్పించి కత్తిరించి అతికించాం. ప్రోగ్రామ్ ఆగిపోతే కంపైలర్ని తిట్టేవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆ జిగురు గుర్తొస్తుంది.

బీటెక్ మొదటి సంవత్సరంలో డిజిటల్‌కి మారాను. కారణం గొప్పదేం కాదు, డబ్బు. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించి, కొరియర్ కలుపుకుంటే ఒక్కో ఫోటోకి ఒక సమోసా, టీ ఖర్చయ్యేది. ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్ నికాన్ డీ3100 దొరికింది. 2010 మోడల్. లెన్స్ లేకుండా బాడీ ఒక్కటే తీసుకున్నాను, ఎందుకంటే మామ దగ్గర పాత 50 మిల్లీమీటర్ల మాన్యువల్ లెన్స్ ఉంది. నికాన్ మౌంట్ రెండిటికీ ఒకటే కదా అనుకున్నాను.

ఎక్కింది. క్లిక్కుమని లాక్ కూడా పడింది. పనిచేయడం మాత్రం సగమే చేసింది. డీ3100కి లెన్స్‌లో ఉండే చిప్ మాట్లాడాలి. చిప్ లేని పాత లెన్స్ పెడితే ఎమ్ అనే మాన్యువల్ మోడ్ ఒక్కటే పనిచేస్తుంది, మీటర్ అస్సలు పనిచేయదు. ఇరవై ఏళ్ళ కిందటి కెమెరాలో మామ సెల్స్ వేసుకోకుండా చేసిన పనే నేను కంప్యూటర్ ఉన్న కెమెరాలో చేయాల్సి వచ్చింది. ఎఫ్/8, 500. నోటికొచ్చు కాబట్టి సరిపోయింది. ఫోకస్ కూడా చేతితోనే. ఎఫ్‌ఎమ్10 వ్యూఫైండర్ మధ్యలో బొమ్మ రెండుగా విరిగి కనిపిస్తుంది, రెండు ముక్కలూ కలిస్తే ఫోకస్ అయినట్టు. ఇందులో అది లేదు. కింద మూలలో ఒక పచ్చ చుక్క వెలుగుతుంది, దాన్నే నమ్మాలి.

రెండో తేడా సెన్సర్ సైజు. ఫిల్ము ఫ్రేము 36 x 24 మిల్లీమీటర్లు. డీ3100 సెన్సర్ దాదాపు 23 x 15. లెన్స్ వేసే బొమ్మ అంతే, మనం దాన్ని చిన్న కిటికీలోంచి చూస్తున్నాం. కాబట్టి 50 మిల్లీమీటర్ల లెన్స్ ఫిల్ము మీద 75 మిల్లీమీటర్ల లెన్స్ చూపేంతే చూపిస్తుంది. చదివితే ఇది ఒక గుణకారం. అవ్వావాళ్ళ వాకిట్లో నిలబడితే మాత్రం నాలుగడుగులు వెనక్కి పోవడం.

ఇప్పుడు ఆ రోజు సంగతి. సంక్రాంతి సెలవులు, పొద్దున తొమ్మిది దాటింది. అవ్వ ముందరి అరుగు మీద కూర్చుని కందిపప్పు ఏరుతోంది. అరుగు కడప నల్లబండలది. అవ్వ కట్టుకుంది తెల్ల చీర, సన్నటి లేత నీలం అంచు. నేరుగా ఎండ. నల్లబండ, తెల్లచీర, మధ్యలో అవ్వ ముఖం. ఫోటో తీసేవాళ్ళకి ఇంతకన్నా కష్టమైన పరీక్ష పెట్టలేరు. ఇదే అరుగు మీద ఫిల్ముతో ఎన్నోసార్లు తీశాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఐఎస్‌ఓ 100 పెట్టాను. ఎఫ్/8కి 500 లెక్క. మామ గుక్క ఒకటి కలిపి 250 పెట్టాను.

మొదటి ఫోటో తీయగానే అవ్వ, "ఏదీ, చూపీ" అంది. చూపించాను. "ఇట్ల ముసల్దాన్నయినానా" అని కొంగు సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టి, ఆధార్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది. ఫిల్ముకి ఈ సమస్య లేదు. చూపించడానికేమీ ఉండదు కాబట్టి రెండు నిమిషాల్లో అవ్వ కెమెరాని మర్చిపోయి పప్పులో పడేది. ఇప్పుడు ప్రతి క్లిక్కుకీ "ఏదీ" అంటుంది, ప్రతి "ఏదీ" తర్వాతా ఇంకొంచెం బిగుసుకుంటుంది. పన్నెండు తీశాను. పన్నెండూ ఆధార్ కార్డులే.

అరుగు మొత్తం ఫ్రేములోకి రావడానికి వెనక్కి జరిగాను. ఇంకొంచెం జరిగాను. వెనక కుడితి తొట్టి ఉంది. ఫిల్ము రోజుల్లో నేను అంత దూరం పోవాల్సిన అవసరమే రాలేదు, కాబట్టి అది గుర్తులేదు. తొట్టి అంచుకి తగిలి దాంట్లో కూర్చోబోయి ఆపుకున్నాను. అవ్వ చేట కింద పెట్టి పడీపడీ నవ్వింది. నేను ఆ వంగిన భంగిమలోనే నొక్కాను. ఫోకస్ చూసుకోలేదు. ఎఫ్/8 కాబట్టి, మూడు మీటర్ల దూరంలో ముందు అర మీటరు, వెనక ఇంకాస్త స్పష్టంగా వస్తుంది. అదే కాపాడింది.

సాయంత్రం లాప్‌టాప్‌లో చూస్తే ముఖం అద్భుతంగా వచ్చింది. ఆ ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు ముఖంలోని ముడతల నీడల్లోకి దిగి మెత్తగా చేసింది. కానీ చీర లేదు. అంటే చీర ఉన్న చోట కాగితం తెలుపు ఉంది. మడతలు లేవు, నేత లేదు. మామ వెనక నుంచి చూసి, "అంచు యాడ పాయ?" అన్నాడు.

అంచు ఎక్కడికి పోయిందో మన బ్రాంచ్ వాళ్ళకి ఒక్క లైన్లో చెప్పొచ్చు: క్లాంప్ అయింది. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెలుతురుని ఎలక్ట్రాన్లుగా పోగుచేసే బావి లాంటిది. డీ3100లో అలాంటివి అడ్డం 4,608, నిలువు 3,072, అంటే కోటీ నలభై ఒక్క లక్షల పైచిలుకు. బావిలో ఎంత పడిందో కొలిచి 12 బిట్ల సంఖ్యగా మారుస్తారు, 0 నుంచి 4,095 దాకా. ఫిల్ములాగా పైన భుజం వంపు ఉండదు. గీత నేరుగా పైకి పోయి గోడకి కొట్టుకుంటుంది. ఉదాహరణకి ఒక లెక్క వేసుకుందాం. సరైన ఎక్స్‌పోజర్‌లో చీర తెలుపు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింట్లోనూ 3,000 అనుకోండి. నీలం అంచు 2,200, 2,500, 3,000. తేడా ఉంది కాబట్టి అంచు కనిపిస్తుంది. ఒక స్టాప్ కలిపితే అన్నీ రెట్టింపు. చీర 6,000 కావాలి, అంచు 4,400, 5,000, 6,000 కావాలి. అన్నిటికీ 4,095 దగ్గరే మూత పడింది. ఇప్పుడు చీరకీ అంచుకీ తేడా ఏది? పెద్ద సంఖ్యల్ని చిన్న డబ్బాలో పెట్టినప్పుడు పోయిన సమాచారం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వదు.

పైగా నేను రా ఫైల్ కాకుండా జేపెగ్‌లో తీశాను. జేపెగ్ ఒక్కో రంగుకీ 8 బిట్లే, 256 మెట్లు. కెమెరా తన టోన్ కర్వ్ వేసి, రా కన్నా ముందే తెలుపు ప్రకటించేస్తుంది. రా తీసుంటే చీర మడతలు కొన్నైనా మిగిలేవేమో. కార్డులో చోటు తక్కువని తీయలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. పిక్సెల్‌కి అసలు రంగు తెలియదు. ఒక్కో బావి మీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక్క ఫిల్టరే ఉంటుంది. నాలుగింట్లో రెండు ఆకుపచ్చవి. మిగతా రెండు రంగుల్నీ పక్క పిక్సెళ్ళని చూసి లెక్కగడతారు. ఈ అమరిక కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌ది, పేటెంట్ 1976లో వచ్చింది. దానికి ఒక సంవత్సరం ముందే అదే కంపెనీలో స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. 100 x 100 పిక్సెళ్ళు, నలుపు తెలుపు. ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీద రాయడానికి 23 సెకన్లు పట్టేది. అంటే ఫిల్ము అమ్మి బతికే కంపెనీలోనే ఈ రెండూ పుట్టాయి. ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోసం కోర్టుకెళ్ళింది.

తర్వాత నేను మామ రూల్‌ని తలకిందులు చేసుకున్నాను. డిజిటల్‌లో ఒక గుక్క తక్కువ పోయాలి. నీడలో సమాచారం కొంచెం ఉన్నా రా ఫైల్లో పైకి లాగొచ్చు, గరుకుదనం వస్తుంది, అంతే. గండికోటలో దీన్ని సరిగ్గా పరీక్షించాను. జమ్మలమడుగు దాటి కోటలోకి వెళ్ళి, పొద్దున్నే లోయ అంచున నిలబడితే కింద పెన్నా ఇంకా నీడలోనే ఉంటుంది, పైన ఎర్రరాళ్ళ అంచులకీ ఆకాశానికీ అప్పటికే ఎండ తగిలి ఉంటుంది. నల్లబండ, తెల్లచీర లెక్కే, సైజు పెద్దది. ఆకాశానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇచ్చాను. కెమెరా వెనక స్క్రీన్ మీద లోయ నల్లటి గుంతలా ఉంది. పక్కనున్న ఫ్రెండ్ "పోయింది" అన్నాడు. హిస్టోగ్రామ్ చూపించాను. కుడి గోడకి ఏమీ తగలలేదు. రూముకొచ్చి నీడలు రెండు స్టాపులు లేపితే నీళ్ళు, రాళ్ళ మధ్య పచ్చ పొదలు అన్నీ బయటికి వచ్చాయి. స్క్రీన్ మీద బొమ్మని కాకుండా హిస్టోగ్రామ్‌నే నమ్మండి. ఎండలో స్క్రీన్ ఎప్పుడూ అబద్ధం చెబుతుంది, హిస్టోగ్రామ్ అంటే ఎన్ని పిక్సెళ్ళు ఏ విలువలో ఉన్నాయో లెక్కపెట్టిన ఒక అరే మాత్రమే. ఆ రోజు మొత్తం 412 ఫోటోలు తీశాను. ఉంచుకున్నవి తొమ్మిది. ఫిల్ము రీలులో కూడా దాదాపు తొమ్మిదే బాగుండేవి, అదెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇదంతా నేర్చుకుని, అవ్వని మళ్ళీ అదే అరుగు మీద, అదే చీరలో, 1000 స్పీడ్‌లో, రా ఫైల్లో తీయాలని వేసవి సెలవులకి ప్లాన్ వేసుకున్నాను. ఏప్రిల్లో అవ్వ పోయింది. ల్యాబ్ ఇంటర్నల్స్ మధ్యలో ఫోన్ వచ్చింది.

పెద్దదినానికి ఫోటో కావాలన్నారు. నేను అన్నీ తీసుకెళ్ళాను. ఫిల్ము స్కాన్లలో చీర మడత మడతా ఉన్నాయి, అంచు నీలం ఉంది, కానీ వాటిల్లో అవ్వ తల వంచుకుని పప్పు ఏరుతూనో, గొర్రెని అదిలిస్తూనో ఉంది. ఆధార్ కార్డు ఫోటోలు పన్నెండూ చూపించాను. మామ ఒక్కోటి జరుపుకుంటూ పోయి పదమూడోదాని దగ్గర ఆగాడు. "ఇది" అన్నాడు. మామా, చీర పోయింది దీంట్లో, అంచు లేదు, అని నేను అన్నాను. "అంచు ఎవురికి కావాల" అన్నాడు.

ప్రొద్దుటూరులో ప్రింట్ వేయించాం, పన్నెండుకి పద్దెనిమిది అంగుళాలు. స్టూడియో అతను చీర తెల్లగా మెరవడం చూసి, ఎడిటింగ్ ఎవరు చేశారు మేడమ్, దేవతలాగా పెట్టారు అన్నాడు. ఊర్లో అందరూ ఫోటో బాగుందనే అన్నారు. గోడ మీద దాని ముందు నిలబడితే నా కన్ను ముందు ముఖం మీదికి కాదు, ఎడమ భుజం నుంచి కిందికి, అంచు ఉండాల్సిన చోటికే పోతుంది.

ఎఫ్‌ఎమ్10లో ఇప్పుడు ఒక రీలు ఉంది. కౌంటర్ 22 చూపిస్తోంది. మొదటి ఆరు అవ్వవి, మార్చిలో పండక్కి వెళ్ళినప్పుడు తీసినవి. నోట్‌బుక్‌లో ఎఫ్/8, 250 అని రాసి ఉంది. మిగతా పద్నాలుగు కూడా తీసేసి కొరియర్ చేద్దామంటే మామ తొందరేమీ లేదంటున్నాడు.